ఏనుగు నొప్పిని మోసిన ఊరు

ఎద్దు ముందుకాలిలో ఇనుపముక్క ఇంకా లోపలే ఉంది. డాక్టర్ గున్నమ్మ మరుగుతున్న నీళ్ళలోంచి కత్తి తీసి, తడి విదిలించి, అన్నవైపు చూసింది. కూర్మయ్య అప్పటికే ఎద్దు పక్కన నేలమీద చతికిలబడి, ఎడమ మణికట్టుకి రాగితీగ చుట్టుకున్నాడు. ఆ తీగ రెండో కొస ఒక రేకుపెట్టెలోకి పోతుంది. పెట్టెలోంచి బయలుదేరిన ఇంకో తీగ ఎద్దు మెడ వెనక, వెన్నుపూస మీద అతికించిన బిళ్ళ దగ్గర ఆగుతుంది.

"కానియ్ సెల్లీ. నాను సిద్ధమే" అన్నాడతను.

గున్నమ్మ మీట నొక్కి కత్తి దించింది. ఎద్దు కదల్లేదు. నెమరు వేసుకుంటూ, రెప్పలు బరువుగా వాల్చి, ఎండలో పడుకున్నంత హాయిగా ఉంది. కదిలింది కూర్మయ్య. అతని కుడిచెయ్యి మోచేతి దగ్గర్నించి వేళ్ళదాకా వణికింది, మెడనరాలు తాళ్ళలా ఉబ్బాయి, నుదుటి మీంచి చెమట ధారగా కారింది. నోటివెంట మాత్రం చిన్న మూలుగు కూడా రాలేదు. పన్నెండు నిమిషాల తర్వాత ఇనుపముక్క పళ్ళెంలో ఠంగుమని పడింది. గున్నమ్మ కుట్లు వేసి మీట తీసేసరికి ఎద్దు లేచి నిలబడి గడ్డికోసం వెతుక్కుంటోంది.

నొప్పిని ఆపలేం గాని దారి మళ్ళించగలం. రంగూన్‌లో నరాల ప్రయోగశాలలో పదకొండేళ్ళు పనిచేసి కూర్మయ్య కనిపెట్టింది ఇదే. గాయం దగ్గర పుట్టిన నొప్పి మెదడుకి చేరకముందే పెట్టె దాన్ని వెన్నులో పట్టుకుని ఇంకో శరీరానికి పంపిస్తుంది. మొదట్లో అతను ఆ నొప్పిని ఎవరికీ పంపకుండా భూమిలోకి వదిలేసి చూశాడు. కుందేళ్ళ గుండెలు ఆగిపోయాయి. ఎక్కడో ఒకచోట ఒక ప్రాణం "తెలిసింది" అని బదులు పలికితేనే గాయపడిన ప్రాణం కుదుటపడుతుందని అప్పుడు అర్థమైంది.

యుద్ధం మొదలైన రెండో ఏడు యూనిఫాం వేసుకున్న ఇద్దరు ప్రయోగశాలకి వచ్చారు. ఒక మనిషి నొప్పిని ఇంకో మనిషికి, అతనికి ఇష్టం లేకపోయినా పంపొచ్చా అని మర్యాదగానే అడిగారు. పంపలేం అని కూర్మయ్య అబద్ధమాడాడు. ఆ వారంలోనే కాగితాలన్నీ తగలబెట్టి, పెట్టెని బియ్యం బస్తాలో దాచి, పడవెక్కి ఊరొచ్చేశాడు. ఆ తర్వాత ఒక్క అక్షరం కూడా కాగితం మీద పెట్టలేదు.

ఆ ఊరు సాల్వీన్ నది ఒడ్డున ఉన్న కొత్తగార. ముత్తాతల కాలంలో సిక్కోలు వైపు నుంచి స్టీమరెక్కి వచ్చి, వరి కోసి, రబ్బరు గీసి, అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళు పెట్టుకున్న పేరది. ఇప్పుడు పడమర సైన్యం, తూర్పున కొండల్లో తిరుగుబాటుదళాలు, నడుమ ఈ నలభై గడపలు. గున్నమ్మ ప్రభుత్వ పశువైద్యురాలు. ఆసుపత్రి మీద బాంబు పడ్డాక, రబ్బరు షీట్లు ఆరబెట్టే పాత పొగగదిని తుడిచి, గాయపడ్డ జంతువుల్ని అందులో పెట్టుకుంది. పదహారు కుక్కలు, నాలుగు ఎడ్లు, ఒక గుడ్డి ఆడగుర్రం. మందులు ఎలాగో తెప్పించుకునేది గాని మత్తుమందు మాత్రం నది దాటేది కాదు. రెండు వైపుల తనిఖీల్లోనూ తమ సిపాయిల కోసమని లాక్కునేవారు. అందుకే అన్న పెట్టె బస్తాలోంచి బయటికొచ్చింది.

ఊళ్ళో కొందరు నవ్వేవారు. మనుషులకే దిక్కు లేదు, కుక్కలకి ఆపరేషన్లట అనేవారు. గున్నమ్మ మారుమాట్లాడేది కాదు. ఎవరినీ ఏదీ అడక్కపోవడమే ఆమె పట్టుదల. తను కోస్తుంది, అన్న మోస్తాడు, అంతే.

*

ఒక మధ్యాహ్నం వంటింట్లో గున్నమ్మ గంజి వారుస్తోంది. కూర్మయ్య పొయ్యి పక్కన నిలబడి, నదిలో ఆ ఏడు చేపలు ఎందుకు తగ్గాయో చెబుతున్నాడు. ఉన్నట్టుండి ఏదో మాడిన వాసన వేసింది. అన్నం కాదు. ఆమె వెనక్కి తిరిగింది. పొయ్యిలోంచి జారిన నిప్పుకణిక మీద అన్న ఎడమ మడమ ఆనించి ఉంది. అతను ఇంకా చేపల సంగతే చెబుతున్నాడు.

"అన్నా! కాలు!"

కూర్మయ్య కిందికి చూసి కాలు తీశాడు. అతని మొహంలో ఉలికిపాటు లేదు. దాచుకున్నది బయటపడిపోయినవాడి చూపు ఉంది. గున్నమ్మని భయపెట్టింది ఆ చూపే.

అతన్ని కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, గుండుసూదితో ఒక్కో చోటా గుచ్చింది. ఎడమ అరికాలు తెలియలేదు. పిక్క తెలియలేదు. మోకాలి దాకా తెలియలేదు. ఎడమచేతి చివరి రెండు వేళ్ళు, చెవి వెనక అరచెయ్యంత చోటు కూడా తెలియలేదు.

"ఎప్పట్నించి?"

"గుడ్డి గుర్రం ఒచ్చినకాన్నించి."

"రెండేళ్ళు! రెండేళ్ళు నాకు సెప్పకుండా..."

"సన్నతీగలో ఎక్కువ కరెంటు పోతే ఏటవుతాది? కాలిపోతాది. ఇదీ అంతే సెల్లీ. ఒక్కోసారికి ఒక్కో తీగ."

"మరి నన్ను కూకోబెట్టొచ్చు కదా ఒకసారైనా!"

"నీ సేతులు కత్తి పట్టాల. నావి కాళీయే కదా" అన్నాడు కూర్మయ్య, అదేమంత పెద్ద సంగతి కానట్టు.

గున్నమ్మ మడమకి మందు రాసి కట్టు కట్టింది. లేచి వెళ్ళి, రేకుపెట్టెని అమ్మ పాత భోషాణంలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. "ఇంకెప్పుడూ వొద్దు" అంది.

ఆ తర్వాత మూడు వారాల్లో రెండు కుక్కలూ ఒక దూడా చనిపోయాయి. మత్తు లేకుండా కత్తి పెట్టగానే దూడ పెట్టిన అరుపుకి ఊరంతా తలుపులు వేసుకుంది. కూర్మయ్య చెల్లెల్ని ఒక్క మాట అనలేదు. గోడవైపు తిరిగి అన్నం తినడం మొదలుపెట్టాడు. అరిచినా బావుండేదని గున్నమ్మకి అనిపించేది.

*

వానలు వెనకబట్టాక ఒక ఉదయం కుక్కలన్నీ ఒక్కసారి మొరిగి, వెంటనే నోళ్ళు మూసుకున్నాయి. గున్నమ్మ బయటికొచ్చి చూస్తే రబ్బరుతోట చివర ఏనుగు నిలబడి ఉంది. మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. దాని తొండం పట్టుకుని, దానికంటే ఎక్కువ అలిసిపోయి, ఒక సన్నటి మనిషి.

అతన్ని ఆమె ఎరుగును. సో ఎడో, కరెన్ జాతి మావటి. యుద్ధానికి ముందు కొండల్లోంచి దుంగలు దింపుకుంటూ ఏటా కొత్తగార మీదుగా వెళ్ళేవాడు. తెలుగు ఇక్కడి అరుగుల మీదే నేర్చుకున్నాడు. ఏనుగు పేరు ష్వేమా, అంటే మన భాషలో బంగారమ్మ.

"మందుపాతర, డాక్టరమ్మా" అన్నాడు సో ఎడో. "మూడు రోజులు నడిచింది. నేను పద అనలేదు. అదే నడిచింది."

ఎడమ ముందుపాదం అడుగున మెత్తటి భాగం సగం లేదు. మిగిలిన సగానికి సో ఎడో తన లుంగీ చింపి కట్టాడు. గున్నమ్మ ఆ గుడ్డ విప్పి చూసి, వాసనకి మొహం తిప్పుకోకుండా, చాలాసేపు అలాగే వంగి ఉండిపోయింది. కుళ్ళిన మాంసం కోసెయ్యాలి, ఎముక ముక్కలు ఏరాలి. రెండు గంటల పని. చేస్తే బతుకుతుంది. చెయ్యకపోతే వారం. కాని మూడు టన్నుల ప్రాణి నొప్పికి ఒక్కసారి పొర్లిందంటే పొగగదీ ఉండదు, గున్నమ్మా ఉండదు.

సో ఎడో తన చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నాడు. "నీ దగ్గర పెట్టె ఉందని కొండల్లో కూడా చెప్పుకుంటారు. నాకు కట్టు. మొత్తం నాకిచ్చెయ్."

"మొత్తం నీకిస్తే నీ గుండె ఆగిపోతాది" అన్నాడు వెనకనించి కూర్మయ్య. కర్ర ఊతంతో వచ్చి నిలబడ్డాడు. కళ్ళు ఏనుగు పాదం మీదే ఉన్నాయి. మూడు వారాల తర్వాత చెల్లెలివైపు తిరిగి మాట్లాడాడు. "మొత్తం ఒక్కడికే ఎందుకివ్వాల సెల్లీ?"

గున్నమ్మ లోపలికెళ్ళి భోషాణం తాళం తీసింది.

ఆ మధ్యాహ్నమే ఒక కుక్క పుండు కడుగుతూ పరీక్ష చేశారు. పెట్టెలోంచి ఒక తీగ కూర్మయ్యకి, ఒకటి సో ఎడోకి. అయ్యాక ఇద్దర్నీ గుండుసూదితో గుచ్చి చూసింది గున్నమ్మ. ఎక్కడా కొత్తగా తిమ్మిరి లేదు. కూర్మయ్య పెట్టెమీద నొప్పి కొలిచే ముల్లు చూసుకుని, నేలమీద పుల్లతో ఏవో అంకెలు గీసి, చెరిపి, మళ్ళీ గీశాడు.

"కొంత దాటితేనే నరం కాలేది. దాని లోపల ఉంటే ఏటీ మిగలదు. సీమ కుట్టినట్టుంటాది, పోతాది. ఏనుక్కి అరవైమంది కావాల."

అరవైమంది. ఊళ్ళో పెద్దవాళ్ళంతా కలిసి డెబ్భైకి మించరు.

*

అందర్నీ ఒకచోటికి పిలవడానికి లేదు. కిందటేడు ఒకరి దినానికి గుమిగూడినవాళ్ళ మీద ఆకాశంలోంచి డ్రోన్ ఒకటి బాంబు వదిలింది. అప్పట్నించి కొత్తగారలో పదిమంది కలిసి నిలబడరు. గున్నమ్మ గడపగడపకీ వెళ్ళింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఊళ్ళో ఆమె నోరు తెరిచి సాయం అడగడం అదే మొదలు. ఎలా అడగాలో కూడా సరిగ్గా తెలియలేదు.

కొందరు చూద్దాం అన్నారు. కొందరు పెట్టె పేరు వినగానే జంకారు. ఒకాయన, ఆ ఏనుగు ఎవరి తుపాకులు మోసిందో కనుక్కున్నావా అని అడిగాడు. రెండు వైపులవీ మోసిందండి, దాన్నెవరూ అడగలేదు అంది గున్నమ్మ.

చివరి ఇల్లు పోలమ్మది. రబ్బరు గీసే పనిలో ఊళ్ళో ఆమెని మించినవాళ్ళు లేరు. రేవు దగ్గర పడిన గుండుకి ఆమె ఒక్కగానొక్క కొడుకు అప్పలసూరి రెండు రోజులు నొప్పితో గిలగిలా కొట్టుకుని చనిపోయాడు. గున్నమ్మ చెప్పింది అంతా విని, పోలమ్మ చేతిలో చేట కింద పెట్టింది.

"నా కొడుకు రెండురోజులు అరిసినాడు. ఊరంతా ఇన్నాది. అప్పుడు ఎవులు పంచుకున్నారే? నీ అన్న పెట్టె అప్పుడు ఎక్కడున్నాది?"

"భయపడినాం పోలమ్మప్పా" అంది గున్నమ్మ. "మనిషికి పెట్టినామని తెలిస్తే ఆ పెట్టె కోసం మళ్ళీ ఒస్తారని అన్న భయపడినాడు. నానూ భయపడినాను. తప్పే."

ఇంకేమైనా చెబితే అది సాకే అవుతుంది. గున్నమ్మ గడప దిగి వచ్చేసింది. తిరిగి లెక్కపెట్టుకుంటే, సరేనన్నవాళ్ళు తొమ్మిదిమంది.

మర్నాడు తెల్లవారాక ఏనుక్కి అరటిబోదెలు వేస్తుంటే వెనక అడుగుల చప్పుడైంది. పోలమ్మ. నడుముకి రబ్బరు గీసే కత్తి ఇంకా అలాగే ఉంది. ఆమె తిన్నగా ఏనుగు దగ్గరికి పోయి, పాదం వైపు వంగి చూసింది. తర్వాత గున్నమ్మ వైపు తిరిగింది.

"ఇంతమందిని ఎక్కడ కూకోబెడతావు?"

"పొగగదిలో అనుకున్నాను అప్పా."

"లోపల ఏనుగుంటే మనుసులెక్కడ పడతారు? ముంగిట్లో కూకుంటే పైనించి కనబడిపోరా? తోటలో పెట్టు. ఒక్కో సెట్టు కింద ఒక్కో మనిసి. ఆ ఆకులోంచి కిందకి ఏటీ కనబడదు, నాను ముప్పయ్యేళ్ళు దాని కిందే బతికినాను."

"నువ్వు కూకుంటావా?"

"అప్పుడు నాకు ఎవులూ రానేదు. అదెలగుంటాదో నాకే కదా తెలుసు" అంది పోలమ్మ. "కనకానికీ, సీతయ్యకీ, ఆ వరసలో అందరికీ సెప్పే ఒచ్చినాను. తీగలు సూసుకోండి బేగి."

పాత కంచె తీగ, పడిపోయిన కరెంటు స్తంభాల తీగ, పాడైన మోటార్ల రాగి చుట్టలు, ఊళ్ళో ఉన్నదంతా ఆ రోజు తోటలోకి వచ్చింది. కూర్మయ్య ఒక్కో జాయింటూ తానే అతికాడు. రబ్బరు పాలు కారే చిప్పలు కట్టిన మొదళ్ళ వెంట తీగ ఒక చెట్టు నించి ఇంకో చెట్టుకి పాకింది. సాయంత్రానికి తలలు లెక్కపెట్టారు. సో ఎడోతో కలిపి నలభైముగ్గురు.

గున్నమ్మ అన్న మొహంలోకి చూసింది.

"లెక్క కుదిరింది" అన్నాడతను. "మళ్ళీ కట్టి సూసినాను. ఏనుగు బరువు ఎక్కువ ఏసుకున్నాను ముందర. రేపు పొద్దున్నే కానిచ్చీ."

*

మర్నాడు ఎండ తోటలోకి దిగేవేళకి అందరూ ఎవరి చెట్టు కింద వాళ్ళు కూర్చున్నారు. తోట నడుమ, దట్టమైన ఆకుల కింద, సో ఎడో ఏనుగు చెవిలో ఏదో అన్నాడు. ష్వేమా మోకాళ్ళు వంచి, పెద్ద నిట్టూర్పుతో పక్కకి వాలింది. అతను దాని కన్నుకి ఎదురుగా కూర్చుని తీగ చుట్టుకున్నాడు. కూర్మయ్య పెట్టెకి ఆనుకుని, వరసలో మొట్టమొదట కూర్చున్నాడు.

మీట పడింది. గున్నమ్మ కత్తి దించింది.

తోటంతా ఒక్కసారి "స్‌స్..." మంది. ఇంత పొడవున, నలభై నోళ్ళనించి. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి కనకమ్మ గొంతు వినిపించింది. "ఇంతేనేటి? రాత్రంతా నిద్రనేకుండా సచ్చినాను!" ఎవరో నవ్వారు. ఇంకెవరో నవ్వారు. ఏనుగు చెవి ఒకసారి ఆడించి, ఊపిరి నిదానంగా తీసుకుంది.

గున్నమ్మ ఆ నవ్వు విని కళ్ళెత్తలేదు. కుళ్ళు పొర పొరగా కోసింది. ఎముక ముక్కలు ఒక్కొక్కటీ పట్టకారుతో లాగి పళ్ళెంలో వేసింది. గంట గడిచింది. ఎముక సందులో ఇరుక్కున్న పెద్ద రేకుముక్క దగ్గరికి వచ్చేసరికి, ఆకుల పైనించి ఆ చప్పుడు వచ్చింది. సన్నగా, ఆగకుండా, కందిరీగ గదిలో చొరబడ్డట్టు. డ్రోన్.

ఆ చప్పుడు వింటే కొత్తగారలో పసిపిల్లలు కూడా పరిగెడతారు. పదిమంది లేచి పరుగెత్తినా మిగిలినవాళ్ళ మీద బరువు పడుతుంది. ఇరవైమంది లేస్తే ఏనుక్కి నొప్పి తెలుస్తుంది, అదీ ఎముకలో కత్తి ఉండగా. ఈ సంగతి అందరికీ ముందే చెప్పింది గున్నమ్మ. చెప్పడం వేరు, నెత్తిమీద ఆ చప్పుడుతో కూర్చోవడం వేరు. ఆమె కత్తి అలాగే పట్టుకుని, పెట్టెమీది ముల్లు వైపు చూస్తూ ఉండిపోయింది.

"నానున్నాను!" తోటలోంచి పోలమ్మ గొంతు గట్టిగా వచ్చింది. "కనకమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను!"

"సీతయ్యా?"

"ఉన్నానప్పా!"

"గవరయ్య బావా?"

"ఎక్కడికి పోతాన్లే, మోకాళ్ళు లెగవు!"

చెట్టు నించి చెట్టుకి ఆ మాట నడిచింది. ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను. వణికే గొంతులు, కోపంగా అరిచినవి, ఏడుపు మింగుకున్నవి. సో ఎడో కూడా ఏనుగు కంటివైపు చూస్తూ "ఉన్నాను" అన్నాడు. ఆఖరున కూర్మయ్య పళ్ళ సందుల్లోంచి అన్నాడు. ఒక్కటీ తగ్గలేదు. ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు.

ఆ ఊళ్ళో పుట్టినందుకు గున్నమ్మ ఎప్పుడూ సిగ్గూ పడలేదు, గొప్పగానూ అనుకోలేదు. ఇప్పుడు ఛాతీ నిండిపోయి ఊపిరి చాలలేదు. పట్టకారు బిగించి రేకుముక్కని ఒక్క లాగు లాగింది. అది బయటికొచ్చింది. పైన కందిరీగ ఇంకో రెండు చుట్లు తిరిగి, ఆకులు తప్ప ఏమీ కనబడక, నదివైపు వెళ్ళిపోయింది.

కట్టు కట్టి మీట తీశాక, ష్వేమా కాసేపు అలాగే పడుకుని, తొండంతో సో ఎడో మొహం తడిమి, మెల్లగా లేచింది. గాయం కాలు ఒకసారి నేలకి ఆనించి చూసుకుంది. తోటంతా చప్పట్లు కొట్టారు. చేతులు రుద్దుకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ చెట్ల కిందినించి లేచి వస్తున్నారు.

కూర్మయ్య లేవలేదు.

గున్నమ్మ పరుగెత్తుకుంటూ పోయి అతని కుడిచెయ్యి పట్టుకుంది. బరువుగా, వెచ్చగా, ఏమీ తెలియనట్టు ఉంది. బుజం దాకా గుండుసూది గుచ్చింది. అతను ఆమె మొహం చూస్తున్నాడు గాని సూదిని చూడటం లేదు. ఆమె వంగి పెట్టె వెనకవైపు చూసింది. అతని తీగ దగ్గర మాత్రం కొత్తగా అతికిన మందపాటి రాగి చుట్ట ఒకటి ఉంది.

"అరవైమందే కావాల కదూ?" అంది.

"ఆఁ."

"పదిహేడుమంది వాటా నువ్వు తీసుకున్నావు."

"సెబితే నువ్వు వొద్దంటావు."

గున్నమ్మకి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఆ రెండిటి వెనక, ఇలాంటివాడు తన తోడబుట్టినవాడన్న మాటా ఉంది. ఏది ముందు బయటికొచ్చేదో గాని, ఈలోగా పోలమ్మ వచ్చి ఇద్దరిమధ్యా నిలబడింది. సంగతి మొత్తం విని ఉంది.

"ఇదేటి కూర్మయ్యా! మా సేతులకి సీమ కుట్టినట్టు పెట్టి, నువ్వు పాము కరిపించుకుంటావా? అడిగితే మేం ఇంకాస్త మొయ్యమా? రెండు సీమలు కుట్టించుకోమా? మమ్మల్ని అంత అలుసుగా సూసినావేటి?"

రంగూన్‌లో యూనిఫాంవాళ్ళ ముందు తడబడని కూర్మయ్య ఆ మాటకి తలవంచుకున్నాడు. "తప్పయిపోనాది పోలమ్మా" అన్నాడు.

"అడగడం నేర్సుకో" అంది పోలమ్మ. అతని ప్రాణం లేని చెయ్యి తన బుజం మీద వేసుకుని లేపింది.

*

ష్వేమా నాలుగు నెలలు కొత్తగారలో ఉంది. లారీ టైరు కోసి, లోపల మెత్త పెట్టి, గున్నమ్మ దాని పాదానికి బూటు కుట్టింది. ఊరివాళ్ళు వంతులు వేసుకుని మేత తెచ్చారు. నవ్వినవాళ్ళు ఇప్పుడు నవ్వడం మానలేదు గాని, ఏనుగు తమ గుమ్మం ముందు ఎక్కువసేపు నిలబడిందని పోటీపడి చెప్పుకునేవారు. ఎండాకాలం మొదట్లో సో ఎడో దాన్ని తీసుకుని, యుద్ధం లేని దక్షిణపు అడవివైపు బయలుదేరాడు. చిన్నగా కుంటుతూ, తొందరేమీ లేకుండా, నాలుగు కాళ్ళ మీద వెళ్ళింది ష్వేమా.

కూర్మయ్య కుడిచేతికి స్పర్శ తిరిగి రాలేదు. అతికే పని కనకమ్మకి నేర్పాడు, చుట్టలు చుట్టడం సీతయ్యకి, ముల్లు చదవడం పోలమ్మకి. అంతా నోటిమాటే, కాగితం లేదు. పెట్టెలో ఏ భాగం సంగతి అడిగినా ఊళ్ళో ఎవరో ఒకరు చెబుతారు. మొత్తం సంగతి చెప్పగలిగేది మాత్రం ఏ ఒక్కరూ కాదు, కూర్మయ్య తప్ప. అతను చెప్పడు. పోలమ్మ రోజూ అతని పళ్ళెంలో అన్నం వడ్డించి, తన చేత్తో వేడి చూసి, "ఆగు, ఇంకా కాల్తన్నాది" అని చెప్పేది.

ఒకరోజు పొద్దున్న రేవులో పెద్ద పడవ ఆగింది. అవతలి ఒడ్డు ఊళ్ళవాళ్ళు. ఆ ఒడ్డు తిరుగుబాటుదళాల చేతిలో ఉంది, ఏడేళ్ళుగా అక్కడినించి మామూలు మనుషులు ఇటు దిగలేదు. చూడి గేదె ఒకటి పడవ నడుమ పడుకుని ఉంది. తొడలో తూటా. దాని చుట్టూ ఆడా మగా, ముసలీ ముతకా, పడవ మునిగేంత మంది.

పెద్దావిడ ఒకామె ముందుగా దిగింది. గున్నమ్మకి దండం పెట్టి, బర్మా భాషలో నెమ్మదిగా, ముందే అనుకుని వచ్చినట్టు చెప్పింది.

"మీ దగ్గరికి వస్తే మందు కాదు, మనుషుల్ని తెచ్చుకోవాలని విన్నాం. పంతొమ్మిదిమంది వచ్చాం. చాలుతామా?"

గున్నమ్మ అన్నవైపు తిరిగింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా అతనివైపే తిరిగారు. కూర్మయ్య కర్ర ఊతంతో పడవ అంచుదాకా వెళ్ళి, గేదె తొడని, దాని నిండు కడుపుని చాలాసేపు చూశాడు. పంతొమ్మిదిమందినీ ఒక్కొక్కరినే లెక్కపెట్టాడు. పెదవులు ఏదో అనబోయి ఆగాయి. పోలమ్మ అతన్నే చూస్తోంది.

"సాలరు" అన్నాడు కూర్మయ్య. అలా అనడానికి అతనికి ఎంత కష్టమైందో గున్నమ్మకి తెలిసింది. "ఇంకో ఆరుగురు కావాల."

పోలమ్మ మొహం విప్పారింది. రబ్బరుతోట వైపు తిరిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేకేసింది.

"ఆరుగురు కావాలంట! బేగి రండి!"

చెట్ల కిందినించి మనుషులు లేచి రావడం మొదలుపెట్టారు. ఆరుగురయ్యారు, పదిమందయ్యారు, ఇంకా వస్తూనే ఉన్నారు. గున్నమ్మ చీరకుచ్చిళ్ళు ఎగదోపుకుని, కత్తి కడగడానికి నీళ్ళు పొయ్యిమీద పెట్టింది.